కాలు ఎత్తడానికి ముందు నిలబడటం నేర్పే కరాటే తరగతి

హైదరాబాదులో మా కాలనీ సంక్షేమ సంఘం హాలులో నడిచే షోటోకాన్ కరాటే తరగతిలో నేనూ, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయీ కలిసి చేరాం. పంచ్‌లు, కిక్‌లు, ఎదుటి దెబ్బను అడ్డుకునే బ్లాక్‌లతో కూడిన తొలి దశ శిక్షణను ఇద్దరం పూర్తిచేశాం. మాస్టారికి ప్రచారం ఇష్టం లేదు. ఆయన కోరిక మేరకు తరగతి పేరు, చిరునామా ఇక్కడ రాయడం లేదు. అయినా ఇలాంటి తరగతులు మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ప్రతి పట్టణంలో ఉన్నాయి కాబట్టి, పిల్లలను చేర్చాలనుకునే తల్లిదండ్రులకూ, నాలాగా నలభై దాటాక నేర్చుకోవాలనుకునే వారికీ ఈ అంచనా ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను. చేతి దెబ్బలనూ కిక్‌లనూ నేర్పే పద్ధతిలో ఈ తరగతికి నేను చాలా మంచి మార్కులు వేస్తాను. హాలు నేల విషయంలో, దెబ్బలు వేసి చూసుకునే మెత్తటి ప్యాడ్‌ల విషయంలో మాత్రం వేయలేను.

వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున తరగతి ఉంటుంది. మొదట ఒళ్ళు వేడెక్కించే కదలికలు, తర్వాత కిహోన్ అనే ప్రాథమిక అభ్యాసం, ఆ తర్వాత ముందే నిర్ణయించిన కదలికల వరుసను ఒంటరిగా చేసే కటా, చివర ఇద్దరిద్దరుగా చేసే కుమితె అనే క్రమంలో గంట గడుస్తుంది. కొత్తవారికి ఆ గంటలో అధిక భాగం కిహోన్‌కే పోతుంది. అందరూ వరుసల్లో నిలబడతారు, మాస్టారు ‘ఇచి, ని, సాన్, షి’ అని జపనీస్ అంకెలు చెబుతుంటే ఒక్కో అంకెకు ఒక్కో దెబ్బ వేస్తారు. ఈ వరుసల పద్ధతికి ఒక చరిత్ర ఉంది. ఒకినావా దీవిలో కొద్దిమంది గురువులు ఇంటి పెరళ్ళలో నేర్పుకునే విద్యను ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో ఇతోసు అంకో అక్కడి పాఠశాలల్లోకి తెచ్చారు. ఎక్కువమంది పిల్లలకు ఒకేసారి నేర్పడానికి వీలుగా పాఠాలను సరళం చేశారు. ఆయన శిష్యులలో ఒకరైన ఫునాకోషి గిచిన్, స్వయంగా బడిపంతులు, 1922లో టోక్యోలో ఈ విద్యను ప్రదర్శించారు. షోటోకాన్ శైలి ఆయన పరంపరలోదే. బడిలో పుట్టిన క్రమశిక్షణ కాబట్టి పిల్లలు దీనికి త్వరగా అలవాటుపడతారు. పెద్దవారికి మొదట్లో ఇది డ్రిల్లులా అనిపిస్తుంది. కానీ వరుసల మధ్య తిరిగే మనిషి ఒక్కొక్కరి దగ్గరా ఆగి సరిదిద్దేవాడైతే ఈ పద్ధతిలో బలం ఉంటుంది. మా మాస్టారు ఆగుతారు.

చేరిన రోజున ఆయన నేర్పింది పిడికిలి బిగించడం ఒక్కటే. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి నాలుగు వేళ్ళనూ మొదటి కణుపు దగ్గర మడిచి, మళ్ళీ అరచేతిలోకి చుట్టి, బొటనవేలిని చూపుడు వేలి, మధ్యవేలి మీదుగా అడ్డంగా నొక్కి పెట్టాలి. బొటనవేలు పిడికిలి లోపల ఉండిపోతే దెబ్బ తగిలిన మొదటిసారే అది విరగవచ్చు. తగలవలసినది చూపుడు వేలి, మధ్యవేలి మూలల్లో ఉబ్బెత్తుగా ఉండే రెండు మెటికలు మాత్రమే; దీనినే సెయ్‌కెన్ అంటారు. ఎందుకు ఆ రెండే అని మా అమ్మాయి అడిగితే, ఆయన ఆమె ముంజేతిని తన చేతిలోకి తీసుకుని, ఆ రెండు మెటికల నుంచి మణికట్టు మీదుగా మోచేతి దాకా వేలితో గీత గీసి చూపించారు. ఆ గీత తిన్నగా ఉంటుంది, దెబ్బ బరువును ముంజేతి ఎముక మోస్తుంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు వైపు తగిలితే ఆ బరువంతా అరచేతిలోని సన్నని ఎముక మీద పడుతుంది. గోడనో తలనో ఊగి కొట్టినవారికి చిటికెన వేలి దిగువ ఎముక విరగడం డాక్టర్లకు బాగా తెలిసిన గాయం. దానికి బాక్సర్ల ఫ్రాక్చర్ అనే పేరే ఉంది. ఈ వివరమంతా చెప్పకుండా మొదటి రోజే ‘కొట్టండి’ అని కేకలు పెట్టే తరగతులను మేము చేరే ముందు చూశాం కాబట్టి, ఈ నెమ్మది ఎంత విలువైనదో నాకు వెంటనే అర్థమైంది.

పిడికిలి కుదిరాక చోకు జుకి, అంటే నిలబడిన చోటనే తిన్నగా వేసే పంచ్. పాదాలు భుజాల వెడల్పున ఉంచి, ఒక పిడికిలిని వేళ్ళు పైకి ఉండేలా నడుము పక్కన పెట్టుకుని, మోచెయ్యి పక్కటెముకలను రాసుకుంటూ ముందుకు వెళ్ళేటట్టు చాచి, తగిలే చోటుకు చేరే చివరి క్షణంలో మాత్రమే మణికట్టును తిప్పాలి. అందరికీ వచ్చే ఇబ్బంది మోచెయ్యి బయటికి విచ్చుకోవడం. దీనికి మాస్టారు వాడే ఉపాయం చాలా సులువైనది. కొత్తవారిని గోడకు పక్కగా, భుజం గోడకు దాదాపు ఆనేలా నిలబెట్టి పంచ్ వేయమంటారు. మోచెయ్యి విచ్చుకున్న ప్రతిసారీ గోడ గీరుకుంటుంది, ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. మా హాలు గోడకు గరుకు సున్నం వేసి ఉంది. మొదట్లో దాదాపు అందరి మోచేతులకూ తెల్లటి పొడి అంటుకునేది, క్రమంగా తగ్గిపోయింది.

పంచ్ వేసే చెయ్యి కన్నా వెనక్కి లాగే చెయ్యి గురించి ఆయన ఎక్కువగా మాట్లాడతారు. కుడి చెయ్యి ముందుకు వెళ్ళేటప్పుడు ఎడమ చెయ్యి అంతే వేగంతో నడుము దగ్గరికి రావాలి. దీని పేరు హికితె. చాలా తరగతుల్లో దీన్ని అందం కోసం చేసే భంగిమగా నేర్పి వదిలేస్తారు. ఇక్కడ ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి మణికట్టును మరొకరు పట్టుకోనిచ్చి, ఆ పట్టిన చేతిని లాగుతూనే రెండో చేత్తో పంచ్ వేయించారు. ఎదుటి మనిషి తూలి దెబ్బ మీదికే రావడం చూశాక ఆ చెయ్యి నడుముకు ఎందుకు రావాలో మళ్ళీ ఎవరికీ చెప్పవలసిన అవసరం కలగలేదు. జెన్‌కుత్సు దాచి అనే ముందడుగు భంగిమలో ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందు కాలి మీద, మిగతాది వెనక కాలి మీద ఉంచి, ముందు మోకాలిని వంచి, వెనక కాలిని సాగదీసి, వెనక చేతితో వేసే పంచ్ గ్యాకు జుకి. అక్కడికి వచ్చేసరికి బలం భుజం నుంచి రాదని, వెనక మడమ నేలను తన్నడంతో మొదలై తుంటి తిరగడం ద్వారా చేతికి చేరుతుందని ఒంటికే తెలుస్తుంది. నాకు ఇది తెలియడానికి మా అమ్మాయి కన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది. ఆ వ్యవధిలో మాస్టారు నన్ను తొందరపెట్టలేదు, నా కోసం పాఠాన్ని పలుచన చేయనూ లేదు.

గాలిలో వేసే పంచ్‌లో మోచేతిని పూర్తిగా లాక్ చేయకూడదన్న జాగ్రత్తను కూడా ఆయన పదేపదే గుర్తుచేస్తారు. ఎదురుగా ఆపే వస్తువు లేనప్పుడు చాచిన చెయ్యి కీలు మీదే ఆగుతుంది. వందలసార్లు అలా జరిగితే మోచేతి నొప్పి ఖాయం. అరచేతి అంచుతో వేసే షుతో ఉచి, పిడికిలి వెనక భాగంతో విసిరే ఉరాకెన్, మోచేతితో కొట్టే ఎంపి వంటివి తొలి దశలో పరిచయం మాత్రమే చేశారు. అది సరైన నిర్ణయమే.

ఇక కిక్‌లు. ఈ సమీక్ష రాయాలనిపించడానికి అసలు కారణం ఇక్కడ కిక్‌లు నేర్పే తీరు. చేరడానికి వచ్చే పిల్లల మనసులో కిక్ అంటే తల దాకా లేచే కాలే. పోటీల వల్ల కూడా ఆ మోజు పెరిగింది: ప్రపంచ కరాటే సమాఖ్య నిబంధనల ప్రకారం పంచ్‌కు ఒక పాయింటు, మొండేనికి తగిలే కిక్‌కు రెండు, తలకు తగిలే కిక్‌కు మూడు పాయింట్లు వస్తాయి. టోక్యో ఒలింపిక్స్‌లో కరాటేను చూసిన పిల్లలకు ఆ మూడు పాయింట్ల కిక్‌లే గుర్తుండిపోయాయి. అయితే మా మాస్టారు తొలి దశలో నడుము ఎత్తు దాటనివ్వరు. పైకి ఎత్తి చూపించిన ఒక అబ్బాయితో, ‘నాన్నా, కాలు ఎంత పైకి వెళ్ళిందో తర్వాత చూద్దాం. ముందు అది ఎక్కడికి తిరిగొచ్చిందో చూపించు’ అన్నారు. ఆ అబ్బాయి కాలు ముందుకు పడిపోయి ఉంది, ఒళ్ళంతా దాని వెంటే వెళ్ళిపోయింది.

మాయె గెరి, అంటే ముందుకు వేసే కిక్, ఇక్కడ నాలుగు భాగాలుగా నేర్పుతారు. మోకాలిని ఛాతీ వైపు ఎత్తడం, అక్కడి నుంచి కాలిని చాచడం, చాచిన దారిలోనే మడమను తొడ వైపు లాక్కోవడం, అప్పుడు మాత్రమే పాదాన్ని నేల మీద పెట్టడం. ఈ నాలుగింటికీ మొదట విడివిడిగా అంకెలు చెబుతారు, ఆ తర్వాత రెండుగా కలుపుతారు, చివరికి ఒక్క అంకెకు మొత్తం చేయిస్తారు. మోకాలు ఎత్తకుండా కాలిని నేల నుంచే ఊపేయడం కొత్తవారి సహజ ధోరణి. దాన్ని మాన్పించడానికి హాలులోని ప్లాస్టిక్ కుర్చీలను వరుసగా పెట్టించి, కుర్చీ మీదుగా కిక్ వేసి, మళ్ళీ కుర్చీ మీదుగానే కాలిని వెనక్కి తీసుకోమన్నారు. మోకాలు ముందు లేవకపోతే పాదం కుర్చీకి తగులుతుంది. వెనక్కి లాక్కోకపోతే పిక్క దాని అంచు మీద పడుతుంది. మొదటి రోజున కుర్చీలు పడే చప్పుడుకు పక్క గదిలో సంఘం సమావేశంలో ఉన్నవారు లేచి వచ్చి చూశారు. ఖర్చు లేని ఈ అభ్యాసాన్ని ఇంట్లో కూడా చేసుకోవచ్చు, తక్కువ ఎత్తు స్టూలుతో మొదలుపెడితే చాలు.

తగలవలసిన భాగం కాలి వేళ్ళు కానే కాదు, వేళ్ళ మూలల కింద ఉండే మెత్తటి దిమ్మె. వేళ్ళను పైకి విరుచుకోవడం చాలామందికి మొదట అసలు రాదు. ఏళ్ళ తరబడి బూట్లలో ఉన్న పాదాలకు ఆ కదలికే మరిచిపోయినట్టుంటుంది. దీనికి మాస్టారు చెప్పిన అభ్యాసం, గోడకు చేతులు ఆనించి మునివేళ్ళ మీద లేచి, ఆ స్థితిలో వేళ్ళు ఎలా వంగాయో కళ్ళతో చూసుకుని, పాదం గాల్లో ఉన్నప్పుడు కూడా అదే ఆకారాన్ని నిలుపుకోవడం. నాకు బాగా పనికొచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది నిలబడిన కాలు. కిక్ వేసేటప్పుడు నేల మీద ఉన్న మోకాలు కొంచెం వంగి ఉండాలి, మడమ నేలను వదలకూడదు, నడుము వెనక్కి వాలకూడదు. మవాషి గెరి, అంటే పక్క నుంచి తిప్పి వేసే కిక్ దగ్గర ఈ సూత్రం ఇంకా కీలకమవుతుంది. అందులో తుంటి తిరుగుతుంది కాబట్టి కింద ఉన్న పాదం కూడా దానితోపాటు తిరిగి, మడమ లక్ష్యం వైపుకు రావాలి. పాదం నేలకు అంటుకుపోయి పైన ఒళ్ళు తిరిగితే ఆ మెలిక మొత్తం మోకాలి మీద పడుతుంది. కరాటే వదిలేసినవారిలో మోకాలి నొప్పితో వదిలేసినవారిని నేను చూశాను. అందుకే ఇక్కడ మవాషి గెరికి ముందు కొన్ని తరగతుల పాటు కాలే ఎత్తనివ్వరు. గోడ పట్టుకుని, నిలబడిన పాదాన్ని మాత్రమే తిప్పే అభ్యాసం చేయిస్తారు. పక్క వరుసలో ఉన్న పిల్లలకు విసుగొచ్చింది, ఒకరిద్దరు మానేశారు కూడా. ఆ విసుగును భరించిన పిల్లల మవాషి గెరి ఇప్పుడు చూస్తే, మీగాలు ప్యాడ్‌కు తగిలిన మరుక్షణం కాలు మడుచుకుని వెనక్కి వచ్చేస్తుంది, మనిషి ఉన్నచోటే స్థిరంగా ఉంటాడు. పాదం అంచుతో వేసే యోకో గెరిని, మడమతో వెనక్కి వేసే ఉషిరో గెరిని తర్వాతి దశకు వాయిదా వేశారు.

కిక్‌లు ఆలస్యంగా వస్తాయని ఫిర్యాదు చేసే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. షోటోకాన్‌లో కొత్తవారు నేర్చుకునే హెయాన్ షోదాన్ అనే కటాలో ఒక్క కిక్ కూడా లేదు. అందులో ఉన్నవి కింది బ్లాక్, పై బ్లాక్, ముందడుగు పంచ్, పట్టు విడిపించుకుని పిడికిలి అడుగుతో కొట్టే ఒక దెబ్బ, చివర అరచేతి అంచుతో చేసే బ్లాక్‌లు. కిక్‌లు రెండో కటా అయిన హెయాన్ నిదాన్‌లో వస్తాయి. మవాషి గెరి అయిదు హెయాన్ కటాలలో దేనిలోనూ లేదు. మొదట నిలబడటం, తిరగడం, చేతులు. ఆ తర్వాతే కాళ్ళు అన్న క్రమం కటాలలోనే ఉంది, మాస్టారు దాన్ని పాటిస్తున్నారు.

లోపాలు కూడా ఉన్నాయి. హాలు నేల నున్నటి గ్రానైటు. దాని మీద చెమట పడితే వట్టి కాళ్ళు జారతాయి. వానాకాలంలో ఇది ప్రమాదకరమే. పజిల్ మ్యాట్లు వేయమని తల్లిదండ్రులు అడిగితే, హాలు వేడుకలకు కూడా అద్దెకిస్తారు కాబట్టి ప్రతిసారీ పరిచి తీయడానికి మనుషులు లేరని సమాధానం వచ్చింది. తరగతికి ముందు పది నిమిషాలు పిల్లలే పరిచి, తర్వాత వాళ్ళే తీసి సర్దవచ్చు. క్రమశిక్షణ నేర్పే చోట ఇది పెద్ద కోరికేమీ కాదు. రెండో లోపం, ముప్పైమందికి దగ్గరగా ఉండే బ్యాచ్‌కు సరిపడా ప్యాడ్‌లు లేకపోవడం. గాలిలో ఎంత చక్కగా వేసినా, ప్యాడ్‌కు తగిలితేనే మణికట్టు వంగుతోందా, కాలి వేళ్ళు ముందు తగులుతున్నాయా అన్నది బయటపడుతుంది. ఉన్న కొద్దిపాటి ప్యాడ్‌ల కుట్లు ఊడిపోయి, లోపలి స్పాంజి ఒకవైపుకు జరిగిపోయి ఉంది. చివరకు మేమే ఒక జత కొనుక్కుని తీసుకెళ్ళాం.

మూడో లోపం కొంచెం సున్నితమైనది. మాస్టారు ముందు వరుసలతో ఉన్నప్పుడు వెనక వరుసలను సీనియర్ విద్యార్థులకు అప్పగిస్తారు. కాళ్ళు విడదీసి కూర్చున్న చిన్నపిల్లల వీపు మీద చేతులు పెట్టి వాళ్ళు కిందికి నొక్కడం నేను చూశాను. తొడ వెనక కండరం అలా బలవంతంగా సాగదు, తెగుతుంది. ఈ విషయం చెప్పిన వెంటనే మాస్టారు ఆ పద్ధతిని ఆపించారు, నొక్కిన కుర్రవాణ్ణి అందరి ముందూ తిట్టకుండా పక్కకు పిలిచి వివరించారు. అయినా తల్లిదండ్రులు ఈ ఒక్క అంశం మీద కన్నేసి ఉంచాలి. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లల చేత మకివారా అనే కొయ్యను కొట్టించడం, మెటికలతో నేల మీద పుష్-అప్‌లు తీయించడం వంటివి ఇక్కడ లేవు.

బెల్టుల విషయంలో ఈ తరగతి నిజాయితీ నాకు చాలా నచ్చింది. బెల్టుల పద్ధతి జూడో నుంచి కరాటేకు వచ్చింది. ఫునాకోషి తన శిష్యులకు మొదటి నల్ల బెల్టులు ఇచ్చింది 1924లో. ఇప్పుడు అదే కొన్ని చోట్ల వ్యాపారమైపోయింది. మేము చేరే ముందు చూసిన మరొక తరగతిలో ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్ ఖాయమని చెప్పి, అన్ని గ్రేడింగ్‌ల, అంటే బెల్టు పరీక్షల, రుసుమునూ ముందే కట్టమన్నారు. ఇక్కడ మాస్టారు సిద్ధంగా ఉన్నవారినే గ్రేడింగ్‌కు పంపుతారు. మా అమ్మాయిని పంపారు, నన్ను ఆపారు. నా గ్యాకు జుకిలో వెనక మడమ ఇంకా లేస్తోందన్నది ఆయన చెప్పిన కారణం. అది నిజమే.

ఆత్మరక్షణ కోసం చేరే ఆడవాళ్ళకు ఒక మాట చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే బాలికలకు రాణి లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల శిక్షణ ఇస్తున్నారు. అలాంటి కొద్ది కాలంలో ఒక మనిషికి ఏం వస్తుంది అన్న అనుమానం నాకూ ఉండేది. మాస్టారి సమాధానం స్పష్టంగా ఉంది: తడి రోడ్డు మీద, చెప్పులతో, చున్నీతో ఉన్నప్పుడు నడుము పైకి లేచే కిక్ ఆలోచనే వద్దు, ముఖానికైతే పిడికిలి కన్నా అరచేతి అడుగు భాగం మేలు, దానికి ఎముక విరిగే భయం తక్కువ, దగ్గరగా పట్టుకుంటే మోచెయ్యి, మోకాలు, పట్టు వదలగానే పరుగు, 112కు ఫోన్. వీటన్నిటికీ ముందు గొంతు. దెబ్బతోపాటు పొట్టలోంచి వచ్చే కేకను కియాయ్ అంటారు. మా బ్యాచ్‌లో నాతోపాటు ఉన్న ఆడవాళ్ళలో చాలామందికి పంచ్ కన్నా కష్టమైనది ఆ కేకే. గట్టిగా మాట్లాడకూడదని చిన్నప్పటి నుంచి విని పెరిగినవాళ్ళం. మాస్టారు మమ్మల్ని హాలుకు ఆ చివర నిలబెట్టి, తాను ఈ చివర నిలబడి, తనకు వినిపించేదాకా పంచ్‌ను లెక్కలోకి తీసుకోలేదు. ‘అమ్మా, చెయ్యి బాగుంది, గొంతు రాలేదు, మళ్ళీ’ అంటూనే ఉన్నారు. ఇప్పుడు అందరికన్నా పెద్ద కియాయ్ పక్క వీధిలో టైలరింగ్ చేసే అక్కది.

రుసుము నెలకు 1200 రూపాయలు, ఒకే ఇంటి నుంచి ఇద్దరు చేరితే కొంత తగ్గిస్తారు. తెల్లటి దుస్తుల జతను తమ దగ్గరే కొనాలన్న నిబంధన లేదు. ఆడవాళ్ళకు బట్టలు మార్చుకునే గది ఉంది, గడియ సరిగ్గా పడుతుంది. మోకాలికి, నడుముకు ముందే సమస్య ఉన్నవారు డాక్టరును అడిగి, ఆ సంగతి మాస్టారికి మొదటి రోజే చెప్పాలి; ఆయన అలాంటివారికి కింది ఎత్తు భంగిమలు తగ్గించి, చేతి అభ్యాసాలు పెంచుతారు. పోటీల్లో పతకాల కోసమే చూసే పిల్లలకు ఈ తరగతి నెమ్మదిగా అనిపిస్తుంది, వాళ్ళు వేరే చోటు చూసుకోవడం మంచిది. సాయంత్రం బ్యాచ్ కిక్కిరిసి ఉంటుంది. ఉదయం ఆరు గంటల బ్యాచ్‌లో మనుషులు తక్కువ, ప్యాడ్‌లు అందుతాయి, నేల పొడిగా ఉంటుంది. పెద్దవారు అందులోనే చేరండి.